నలభై రెండో సమాధి పూసలు

ఆ మెయిల్ వచ్చినప్పుడు వసుంధర స్కూలు లైబ్రరీలో, పిల్లలు బల్లల మీద వదిలేసిపోయిన పుస్తకాలు ఏరి అరల్లో పెడుతోంది. మధ్యాహ్నం మూడైంది. పొద్దున్న ఏడింటి నుంచీ నిలబడే ఉండటంతో మోకాళ్ళు రెండూ సలుపుతున్నాయి. ఏ టీచరో ప్రొజెక్టర్ కావాలని రాసుంటారనుకుని బద్ధకంగా ఫోను తీసి చూసింది. పంపినవాళ్ళ పేరు ఎప్పుడూ విన్నది కాదు. పైన మాత్రం "నలభై ఒకటో సమాధి గురించి" అని ఉంది. వసుంధర పక్కనున్న పిల్లల కుర్చీలో కూలబడింది.

ఆమెకి యాభై మూడేళ్ళు. సింగపూరు బుకిట్ బటోక్‌లోని ఆ సెకండరీ స్కూల్లో లైబ్రరీ చూసుకోవడం మొదలుపెట్టి పదకొండేళ్ళు. అంతకుముందు ఏం చేసేదో అక్కడ ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే "హిస్టరీ చదివాను" అని ఊరుకునేది. నిజానికి ఆమె చదివింది పాత సమాధులు తవ్వే చదువు. విశాఖపట్నంలో ఎమ్మే అయ్యాక స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్ళింది. పదిహేను వందల ఏళ్ళ కిందట సముద్రం దాటి వచ్చి ఆ దేశంలో స్థిరపడ్డ ఆంగ్లో-శాక్సన్ జనం, తమవాళ్ళు చనిపోతే ఎలా పూడ్చిపెట్టేవాళ్ళో, పక్కన ఏమేం ఉంచేవాళ్ళో, అదే ఆమె పరిశోధన. మగవాడైతే ఈటె, డాలు. ఆడమనిషైతే మెడలో పూసలు, బట్ట జారకుండా భుజాల దగ్గర ఇత్తడి పిన్నులు. ఏమీ లేకుండా పోయినవాళ్ళూ చాలామందే ఉంటారు.

మెయిల్ రాసినామె పేరు బెత్. ఆ తవ్వకంలో దొరికిన వస్తువులన్నీ ఉన్న చిన్న మ్యూజియంలో పనిచేస్తుందట. ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసి పరీక్ష చేశారట. నలభై ఒకటో సమాధిలో ఉన్నది మగవాడేనని ఇప్పుడు రూఢి అయిందట. "ఒక చేతి పక్కన ఈటె, రొమ్ము మీద డాలు, వాటితోపాటు యాభై ఎనిమిది పూసలు. మేం చూసినంతలో ఇలాంటి మనిషి మరొకడు లేడు. మ్యూజియంలో ఒక గది మొత్తం అతని కోసమే సిద్ధం చేస్తున్నాం. ఆ సమాధి తవ్వింది మీరు. మీ నోట్‌బుక్ మా దగ్గర భద్రంగా ఉంది. అందులో ఆఖరి పేజీ అడుగున నాలుగైదు వరసలు మీ భాషలో రాసి ఉన్నాయి. స్కాన్ చేసి పంపుతున్నాను. ఏం రాశారో దయచేసి చెబుతారా?"

స్కాన్ తెరవక్కర్లేకుండానే వసుంధరకి అక్కడ ఏముందో తెలుసు. అయినా తెరిచింది. నీలం బాల్‌పెన్నుతో తన చేతిరాతే. తడిసి అక్కడక్కడా అలుక్కుపోయింది, కానీ ప్రతి అక్షరమూ కనిపిస్తోంది.

అది 1997 సెప్టెంబరు. తూర్పు ఇంగ్లండులో ఒక పల్లె పొలిమేరలో, కంకర తవ్వే కంపెనీ కొనుక్కున్న చేలో ఆ సమాధులు బయటపడ్డాయి. శనివారానికల్లా నేల అప్పగించాలి. ఆ తర్వాత యంత్రాలు దిగి అంతా చదును చేసేస్తాయి. తవ్వకం పెద్ద హిల్డా. అప్పటికి ఆమెకి యాభై అయిదేళ్ళుంటాయి. చలికాలం మొదటిసారి చూసిన వసుంధరకి తన సొంత కోటు ఇచ్చిందీ, పండగలకి ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టిందీ ఆవిడే. పక్కపక్కనే ఉన్న నలభై ఒకటి, నలభై రెండు సమాధుల మీద వసుంధరా, ఇంకో కుర్రాడూ పనిచేస్తున్నారు. ఆ కుర్రాడు నలభై ఒకటిలో పైకి కనిపించినంత వరకు ఏది ఎక్కడుందో బొమ్మ గీసి, జ్వరం వచ్చి వెళ్ళిపోయాడు. మిగిలిన రెండు రోజులూ రెండు గుంటలూ ఆమె ఒక్కతే తవ్వింది.

నలభై ఒకటి మగవాడిదని ఈటె చూడగానే అనుకున్నారు. అతని నడుము కింద మట్టి తీస్తుంటే మూడు పూసలు దొరికాయి. నలభై రెండులో ఒక ముసలామె. పళ్ళు దాదాపు అన్నీ ఊడిపోయాయి, వెన్ను వంగిపోయింది. ఆమె మెడ చుట్టూ, దవడ కిందా పూసలే పూసలు. ఎర్రవి, పచ్చవి, తేనెరంగు అంబర్‌వి. శుక్రవారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. గుంటలోకి నీళ్ళొస్తే పూసలు కొట్టుకుపోతాయని, బొమ్మ తర్వాత గీసుకోవచ్చులే అనుకుని వసుంధర ముందే పూసలు తీసేసింది. మార్కర్ అయిపోయింది. కాగితం ముక్కల మీద బాల్‌పెన్నుతో నంబర్లు రాసి చిన్న చిన్న సంచుల్లో వేసింది. ఒక ట్రేలో నలభై ఒకటివి, ఇంకో ట్రేలో నలభై రెండువి. వాన మొదలయ్యాక రెండు ట్రేలూ ఒకదానిమీద ఒకటి పెట్టుకుని షెడ్డు వైపు పరుగెత్తింది. బురదలో కాలు జారింది.

లేచేసరికి సంచులు చిరిగి పూసలన్నీ బురదలో ఉన్నాయి. కాగితాలు నాని ముద్దయిపోయాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరి, చేతికందిన ట్రేలో వేసింది. దాని మీద పెయింటుతో 41 అని ఉంది. పొద్దున్న ఆరింటికి దిగిన మనిషి, తిండి లేదు, చేతులు కొంకర్లు పోతున్నాయి. అప్పుడు హిల్డా గొడుగేసుకుని వచ్చింది. ట్రేలోకి చూసి ఆగిపోయింది.

"ఇవన్నీ నలభై ఒకటిలోవా? ఈటె పక్కనా?" అంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"యెస్" అంది వసుంధర.

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఏడుపు ఆపుకోవడానికి అన్నదో, ఆవిడ మొహంలో ఆ వెలుగు చూసి అన్నదో. సాయంత్రం బసకి వెళ్ళాక, నోట్‌బుక్ పేజీ అడుగున తెలుగులో నాలుగు ముక్కలు రాసుకుంది. మర్నాడు చెబుదామంటే హిల్డా అప్పటికే ఇద్దరు ప్రొఫెసర్లకు ఫోను చేసి చెప్పేసింది. వచ్చే వారం చెబుదామంటే ఎవరో పత్రికవాళ్ళు వచ్చారు. ఆ తర్వాత వసుంధర స్కాలర్‌షిప్ ఇంకో ఏడాది పొడిగించమని హిల్డా ఉత్తరం రాసింది. అందులో ఆ సమాధి సంగతి ఉంది. అలా నానుతూ నానుతూ చెప్పలేని సంగతై కూర్చుంది. ఏడాది తిరిగేసరికి వసుంధర థీసిస్ సగంలో వదిలేసి ఇంటికొచ్చేసింది. పెళ్ళయి సింగపూరు వచ్చేసింది. మూడేళ్ళకి హిల్డా రిపోర్టు అచ్చయితే ఒక కాపీ పోస్టులో వచ్చింది. అందులో నలభై ఒకటి గురించి పద్నాలుగు పేజీలున్నాయి. నలభై రెండు గురించి రెండు వరసలు. "వృద్ధ స్త్రీ. సమాధిలో వస్తువులేవీ లేవు."

ఆ రెండు వరసలూ చదివాక వసుంధర ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు.

*

ఇంటికొచ్చేసరికి భర్త చక్రధర్ అప్పటికే వచ్చి టీ పెట్టుకుంటున్నాడు. ఆయన బ్యాంకులో కంప్యూటర్ల పని చూస్తాడు. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే. ఆమె సంచీ సోఫాలో పడేసి, చెప్పులు కూడా విప్పకుండా కూర్చుండిపోయింది.

"ఏంటి వసూ, అలా ఉన్నావ్? ట్రైన్ ఏమన్నా ఆగిపోయిందా?"

"లేదండి. ఇంగ్లండ్ నుంచి మెయిల్ వచ్చింది."

ఇన్నేళ్ళలో ఆయనకి కూడా చెప్పలేదు. ఇప్పుడు అంతా చెప్పింది. గొంతు పెద్దది చెయ్యకుండా, కన్నీళ్ళు లేకుండా, స్కూల్లో పోయిన పుస్తకాల గురించి చెప్పినట్టు చెప్పింది. ఆయన టీ చల్లారిపోయింది.

"ఇరవై ఏడేళ్ళ కిందటి మాట" అన్నాడు చివరికి. "అప్పుడు నువ్వెంత? ఇరవై ఆరు. ఆ ఎముకలు ఎవరివో, ఆ పూసలు ఎవరివో. ఇప్పుడు తవ్వి తీస్తే ఎవరికి లాభం చెప్పు?"

"లాభం అనికాదండి."

"ఆ పెద్దావిడ ఉందా ఇంకా?"

"ఉందట. ఎనభై రెండేళ్ళు. గది తెరిచేటప్పుడు ఆవిడే రిబ్బన్ కట్ చేస్తుందట."

"మరింకేం? ఈ వయసులో ఆవిడని ఏడిపించడం దేనికి? వాన గురించి రాసుకున్నానని చెప్పెయ్. నాలుగు ముక్కలేగా. అక్కడ తెలుగు చదివేవాళ్ళు ఎవరున్నారు?"

ఆయన చెడ్డగా అనలేదు. భార్య మొహం చూసి, ఆ పూటకి ఆమెని ఒడ్డున పడేద్దామనే అన్నాడు. అది ఆమెకీ తెలుసు. రెండు రోజులు ఆగింది. స్కూల్లో పుస్తకాలకి బార్‌కోడ్‌లు అంటిస్తూ ఆలోచించింది, బస్సులో ఆలోచించింది. గురువారం సాయంత్రానికి ఆలోచించే ఓపిక కూడా అయిపోయింది. బెత్‌కి రెండే వాక్యాలు రాసింది. "అవి తెలుగులో రాసుకున్న మాటలు. ఆ రోజు బాగా వాన పడిందనీ, రాత్రికి అన్నం తినాలనుందనీ రాశాను."

పంపాక ఒంట్లో బరువు తగ్గుతుందేమోనని చూసింది. తగ్గలేదు. ఇరవై ఆరేళ్ళప్పుడు ఆడిన అబద్ధానికి చలి ఉంది, ఆకలి ఉంది. దీనికి ఏ సాకూ లేదు. ఫ్యాన్ కింద, సోఫాలో, కాళ్ళు చాపుకుని కూర్చుని రాసింది.

శనివారానికి బెత్ జవాబు వచ్చింది. ఆ అమ్మాయి తెగ మురిసిపోయింది. "ఎంత బావుంది! ఇంటికి అంత దూరంలో, వానలో, అన్నం గుర్తొచ్చి మీ భాషలో రాసుకున్నారన్నమాట. ఈ పేజీని గాజు పెట్టెలో అతని పక్కనే పెడతాం. ఒక్కో వరస కింద ఇంగ్లిష్‌లో అర్థం కూడా రాయాలి. వరసవారీగా పంపగలరా? మీ ఫోటో కూడా ఒకటి కావాలి."

చక్రధర్ ఈ మెయిల్ చూసి కాస్త గాభరా పడ్డాడు. కానీ అంతలోనే, ఏదో ఒకలా నవ్వించాలని కాబోలు, వంటింట్లోకి వచ్చిన కూతురితో అనేశాడు. "మీ అమ్మ చేతిరాత ఇంగ్లండ్ మ్యూజియంలో పెడుతున్నారే, తెలుసా?"

మహతికి ఇరవై ఏళ్ళు. యూనివర్సిటీలో రెండో ఏడాది. స్కూల్లో తమిళం చదువుకుంది. తెలుగు మాత్రం ఆదివారం క్లాసుల్లో, అదీ ఐదో తరగతి దాకా. మాట్లాడితే సగం ఇంగ్లిష్, మాట చివర సింగపూరువాళ్ళ "లా".

"రియల్లీ? అమ్మా, షో మీ లా!"

"ఏదో పాత కాగితంలే. తర్వాత చూద్దువుగాని."

"నో నో, ఇప్పుడే." టేబుల్ మీద తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మెయిల్ చదివింది. పేజీని పెద్దది చేసింది. వసుంధర వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆపాలనుకుంది, ఏమని ఆపాలో తోచలేదు. చక్రధర్ ఆమె వైపు చూసి, తను చేసిన పని అప్పుడు అర్థమై, కళ్ళు దించుకున్నాడు.

మహతి వేలు తెర మీద పెట్టి, చిన్నప్పుడు ఆదివారం క్లాసులో చదివినట్టే, కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

"ట్రే... లు... రెండూ... బో... బోర్లా. బోర్లా అంటే అప్‌సైడ్ డౌన్, కదా? పడ్... పడ్డాయి. పూసలు... కలి... సిపో... యాయి." ఆగింది. "ఎక్కువ... ముస... లమ్మవే. హిల్డా... అడిగితే... నలభై ఒకటి... అన్నాను." ఆఖరి వరస దగ్గర ఇంక్ అలుక్కుపోయింది. దగ్గరికి వంగి చూసింది. "రేపు... చెప్తాను."

 కింద బస్సు ఆగిన చప్పుడు, తలుపులు తెరుచుకున్న చప్పుడు వినిపించాయి.

"అమ్మా" అంది మహతి. "మెయిల్‌లో వాన అని ఉంది. అన్నం అని ఉంది. ఇందులో వాన ఎక్కడుంది?"

వసుంధర వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టమైంది. భర్త దగ్గర అది పాత సంగతి. కూతురి దగ్గర గురువారం ఆడిన అబద్ధం సంగతి. ఆ పిల్ల అంతా విని, తెర మీదున్న మెయిల్ మళ్ళీ చదివింది.

"సో ఆ ఓల్డ్ లేడీకి ఏమీ లేవని రాసేశారా? ఇన్ ద బుక్?"

"ఊఁ."

"బట్ ఆవిడకి ఉన్నాయి."

"ఊఁ. ఎక్కువ ఆవిడవే."

"అయితే చెప్పెయ్ అమ్మా" అంది మహతి. కోపంగా కాదు, జాలిగా కూడా కాదు. "వాళ్ళు తిడతారు. తిట్టనీ."

"అంత తేలిక్కాదే."

"తేలికని అనట్లేదు లా. నువ్వు చాలా టయర్డ్‌గా ఉన్నావు. ఎప్పుడూ అలాగే ఉంటావు. స్కూల్ వల్ల అనుకునేదాన్ని."

 స్కూల్ వల్ల కూడా నిజమే. మోకాళ్ళూ నిజమే. వయసూ నిజమే. వాటిల్లోంచి ఇది ఎంతో విడదీసి చూపించడం ఎవరి తరమూ కాదు. ఆదివారం పొద్దున్న తండ్రీ కూతుళ్ళిద్దరూ మార్కెట్టుకి వెళ్ళాక వసుంధర ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మూడు గంటలు పట్టింది. ఎక్కడా తనని తాను వెనకేసుకు రాకుండా, అలాగని ఎక్కువగా తిట్టుకోకుండా రాయడానికే అంతసేపు పట్టింది. నాలుగు వరసలకీ సరైన అర్థం రాసింది. ట్రేలు ఎలా పడ్డాయో, తను ఏం అందో రాసింది. గురువారం రాసింది అబద్ధమని రాసింది. "మూడు పూసలు అతని నడుము దగ్గర నా చేత్తో తీశాను. మిగతావన్నీ నలభై రెండో సమాధిలో ఆమెవి అని నా జ్ఞాపకం. ఈ ఉత్తరం హిల్డాకి చూపించండి. నేరుగా రాయడానికి నాకు మొహం చెల్లలేదు."

*

తొమ్మిది రోజులు జవాబు లేదు. వసుంధర రోజూ స్కూలుకి వెళ్ళింది, వచ్చింది. వంట చేసింది. ఫోను మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి తీసి చూస్తే స్కూలు మెసేజో, కరెంటు మరమ్మతుల నోటీసో ఉండేది. మూడో రోజుకి ఆ ఆత్రం కూడా పోయింది. వచ్చేది వస్తుంది అనిపించింది. చక్రధర్ ఆ విషయం ఎత్తలేదు కానీ, అడక్కుండానే పొద్దున్న టీ ఆయనే పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు.

పదో రోజు బెత్ రాసింది. ఒకే వాక్యం. బుధవారం మీ సాయంత్రం అయిదింటికి వీడియోలో మాట్లాడదామా, హిల్డా కూడా ఉంటారు అని.

బుధవారం వసుంధర ఒక గంట ముందే స్కూలు నుంచి వచ్చేసింది. మొహం కడుక్కుని, కాటన్ చీర కట్టుకుంది. మళ్ళీ అది ఎందుకో ఎబ్బెట్టుగా అనిపించి, విప్పేసి మామూలు చుడీదార్ వేసుకుంది. తెర మీద ముందు బెత్ కనిపించింది. ముప్పై దాటని పిల్ల, కళ్ళ కింద నల్లచారలు. నమస్కారాలేవీ లేకుండా మొదలుపెట్టింది.

"మీ మొదటి జవాబు వచ్చిన మర్నాడే నేను మ్యూజియం కమిటీకి చెప్పేశాను. గోడ మీద రాసే మాటలు కూడా తయారయ్యాయి. మళ్ళీ వెళ్ళి అన్నీ ఆపించాల్సొచ్చింది. మీరు మొదటి రోజే నిజం చెప్పి ఉంటే..." ఆగిపోయింది. "నాకు పాతదానికన్నా దానికే ఎక్కువ కష్టంగా ఉంది."

"నిజమే" అంది వసుంధర. "అది పూర్తిగా నా తప్పే."

పక్కనున్న కుర్చీలోకి ఎవరో హిల్డాని కూర్చోబెట్టారు. వసుంధర గుర్తుపట్టలేకపోయింది. ఎత్తుగా, దిట్టంగా ఉండే మనిషి ముడుచుకుపోయింది. జుట్టంతా దూదిలా అయిపోయింది. గొంతు మాత్రం అదే.

"వాసూ" అంది. అప్పట్లో కూడా అలాగే పిలిచేది. "నేను ఆ మనిషి గురించి నాలుగు వ్యాసాలు రాశాను. ఇరవై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను."

"తెలుసు."

"నువ్వు ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉంటే చాలు. ఎప్పుడైనా సరే."

"తెలుసు, హిల్డా."

ఆవిడ చెవికి పెట్టుకున్న మిషను సర్దుకుంది. వసుంధర చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష ఫలితం వినడానికి వచ్చిన పిల్లలా కూర్చుంది. పక్క గదిలో తండ్రీ కూతుళ్ళు చప్పుడు చెయ్యకుండా ఉన్నారని తెలుస్తూనే ఉంది.

"ఆ కుర్రాడు వెళ్ళిపోయాక నీకు ఇంకొకరిని తోడు పంపాలి" అంది హిల్డా. "నాకు గుర్తుంది. చెరువు పక్కన తవ్వేవాళ్ళ దగ్గర ఇద్దరు ఖాళీగా ఉన్నారు. పంపుదామనుకుని మర్చిపోయాను. రెండు గుంటల్లో నిన్నొక్కదాన్నే వదిలేశాను. ట్రే చూశాక నేను అడిగిన తీరు కూడా బాలేదు. నాకు కావాల్సిన జవాబే ప్రశ్నలో పెట్టి అడిగేశాను." కాస్త ఊపిరి తీసుకుంది. "అలాగని నువ్వన్న ఆ యెస్ నాది అయిపోదు. అది నీదే."

"నాదే."

"సరే. ఇప్పుడు పని చూద్దాం. ఏ మూడు?"

వసుంధరకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత కళ్ళు చెమర్చాయి. తుడుచుకుని చెప్పింది. ఒకటి పెద్దది, ముదురు నీలం గాజు, మధ్యలో తెల్లగీత. రెండు అంబర్‌వి, ఒకదాని అంచు విరిగింది. ఈటె కర్ర ఉండాల్సిన చోటికి జానెడు దూరంలో, నడుము ఎముక కింద. ముసలామెవి మెడ చుట్టూ రెండు పేటలుగా ఉన్నట్టు గుర్తు. బెత్ రాసుకుంది. హిల్డా మధ్యలో రెండుసార్లు ఆపి, ఎడమవైపా కుడివైపా, పైనా కిందా అని అడిగింది. పాతికేళ్ళు దాటినా ఆ గొంతులో అడిగే పద్ధతి మారలేదు. వసుంధర వెన్ను దానంతటదే నిటారుగా అయింది. గుర్తున్నవి చెప్పింది. గుర్తులేనివి గుర్తులేవని చెప్పింది.

ముప్పావు గంటయ్యాక హిల్డా చెయ్యెత్తింది. "అలిసిపోయాను. ఇవాళ్టికి చాలు" అంది. క్షమించానని అనలేదు, క్షమించలేదనీ అనలేదు. ఎవరో వచ్చి లేవదీస్తుంటే వెనక్కి తిరిగి, "నువ్వు థీసిస్ వదిలేసింది ఇందుకేనా?" అని అడిగింది.

"కొంత ఇందుకే" అంది వసుంధర.

హిల్డా తలాడించి వెళ్ళిపోయింది.

*

ఆ గది తెరవడం వాయిదా పడింది. పత్రికల్లో రెండు మూడు చోట్ల చిన్న వార్త వచ్చింది. ఒకాయన ఎవరో వసుంధర పేరు పెట్టి, అనుభవం లేనివాళ్ళ చేతికి సమాధులు అప్పగిస్తే ఇంతేనని రాశాడు. మహతి అది చదివి మండిపడింది. వసుంధర పూర్తిగా చదివి, తప్పేం రాయలేదంది.

బెత్ మాత్రం పని ఆపలేదు. ఆ అమ్మాయి మాటల్లో అంటీముట్టనితనం తగ్గడానికి నెలలు పట్టింది. కానీ ఏ సంగతి తెలిసినా ఒక ముక్క రాసేది. రెండు సమాధులూ పక్కపక్కనే ఉన్నా నేల ఒకటి కాదట. నలభై ఒకటి ఇసుక కలిసిన కంకరలో తవ్వింది. నలభై రెండు బంకమట్టి పొర మీద ఉంది. పూసకి దారం పోయే రంధ్రం ఉంటుంది కదా, అందులో గట్టిపడిపోయిన మట్టిని సూదితో రవ్వంత తీసి పరీక్ష చేస్తే ఏ గుంటలో పడుందో తెలుస్తుంది. పైన అంటుకున్న బురదకీ, లోపల బిగుసుకుపోయినదానికీ తేడా కనిపిస్తుందట. అయితే కొన్ని పూసల్ని పాతరోజుల్లో ఎవరో శుభ్రంగా కడిగేశారు. వాటిలో ఏమీ మిగల్లేదు.

జనవరిలో లెక్క తేలింది. బంకమట్టి ఉన్నవి ముప్పై ఆరు. ఇసుక ఉన్నవి నాలుగు. కడిగేసినవి పద్దెనిమిది.

"మీరు మూడన్నారు, మట్టి నాలుగంటోంది" అని రాసింది బెత్. "నాలుగోది చిన్న పచ్చ పూస. గుర్తుందా?"

వసుంధర ఆ ఫోటో వంక చాలాసేపు చూసింది. గుర్తు లేదు. ఇన్నేళ్ళూ ఇంకేం మర్చిపోయినా ఆ మూడూ మర్చిపోలేదని ఒక ధీమా ఉండేది. అది కూడా పూర్తిగా సరైంది కాదన్నమాట. గుర్తు లేదని రాసింది.

ఫిబ్రవరిలో, చైనీస్ న్యూ ఇయర్ సెలవులకి స్కూలు మూసిన వారం, బెత్ కొత్త రిపోర్టు చిత్తుప్రతి పంపింది. నలభై ఒకటో సమాధి గురించి ఇప్పుడు ఒక పేజీ కూడా లేదు. ఈటె, డాలు, నడుముకి కట్టుకున్న చిన్న సంచిలో కాబోలు నాలుగు పూసలు. ఊళ్ళో ఇంకో పదిమంది మగవాళ్ళలాంటి వాడే. గది ఇక అతని కోసం కాదు, ఆ ఊరి మొత్తం కోసం అని కమిటీ నిర్ణయించిందట. నలభై రెండు దగ్గర ఇలా ఉంది. "వృద్ధ స్త్రీ. అరవై దాటిన వయసు. మెడలో కనీసం ముప్పై ఆరు పూసలు. ఈ తవ్వకంలో దొరికిన వాటిలో ఇదే అతి పెద్ద దండ." పళ్ళూడిపోయి, నడుం వంగిపోయాక కూడా ఆమె మెడలోంచి ఎవరూ తీసుకోలేదు, అలాగే ఉంచి పూడ్చిపెట్టారు అని బెత్ ఒక వాక్యం కలిపింది. అడుగున, చేతిరాత గురించి వివరం, దాని పక్కన వసుంధర పేరు.

చిత్తుప్రతితో పాటు ఒక పట్టిక కూడా ఉంది. కడిగేసిన పద్దెనిమిది పూసలవి, ఒక్కోదానికి ఒక ఫోటో, ఎదురుగా ఒక ఖాళీ గడి. తవ్విన మనిషిగా మీకు ఏ ఒక్కటైనా ఖచ్చితంగా గుర్తుంటే రాయండి, లేకపోతే తెలియదని రాయండి, రెండూ మాకు పనికొచ్చేవే అంది.

వసుంధర పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెట్టింది. మొదటి ఫోటో ఎర్ర గాజు పూస. ముసలామె దవడ కింద ఎర్రవి ఉన్నాయి. ఇలాంటివే. కానీ ఇదేనా? వేలు కీబోర్డు మీద ఆగింది. ఆమెదేనని రాసేయాలని మనసు లాగుతోంది. ఇన్నాళ్ళూ ఆ ముసలామె పోగొట్టుకున్నదానికి ఇంకొక్కటి కలపాలని. చాలాసేపటికి "తెలియదు" అని ఇంగ్లిష్‌లో కొట్టింది. రెండోది అంబర్. తెలియదు. మూడోది, గీతల పూస, ఒక పక్క చెక్కుపోయింది. కళ్ళు మూసుకుని ఆ బురదని గుర్తు చేసుకోబోయింది. వాన తప్ప ఏమీ కనిపించలేదు. తెలియదు. నాలుగు. తెలియదు. అయిదు. తెలియదు.

పద్దెనిమిది అయ్యేసరికి పదకొండు దాటింది. పంపేసి ల్యాప్‌టాప్ మూసింది.

"అయిపోయిందా?" అన్నాడు చక్రధర్. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"అయిపోయిందండి. పద్దెనిమిది మిగిలిపోయాయి. అవెవరివో ఇంక తేలవు."

"మరి ఎలా?"

"అలాగే రాస్తారు. తెలియదని."

మహతి గదిలోంచి తొంగి చూసింది. "అమ్మా, మకాన్‌కి వెళ్దామా, ఏమన్నా తినొద్దాం? కింద హాకర్ సెంటర్ తెరిచే ఉంది."

"మీరిద్దరూ వెళ్ళిరండి. నాకు కాసేపు పడుకోవాలనుంది."

"ఆర్ యూ ఓకే?"

"ఊఁ. ఒళ్ళు పులిసిపోయింది, అంతే."

వాళ్ళు తలుపు వేసుకుని వెళ్ళాక హాల్లోనే చాప వేసుకుని, ఫ్యాన్ కింద ఒక పక్కకి ఒత్తిగిలి పడుకుంది. మోకాళ్ళు సలుపుతూనే ఉన్నాయి. హిల్డాకి ఒక ఉత్తరం రాయాలి అనుకుంది, ఈసారి నేరుగా. సాయంత్రం రాద్దాం అనుకుంది. పై అంతస్తులో పిల్లలెవరో కుర్చీలు లాగుతున్నారు. ఆ చప్పుడు వింటూనే నిద్రపోయింది. రెండింటికి వాళ్ళు తిరిగొచ్చినప్పుడు కూడా లేవలేదు. తెచ్చిన పొట్లం టేబుల్ మీద పెట్టి, కర్టెన్ కొంచెం లాగి, ఇద్దరూ ఆమెని అలాగే పడుకోనిచ్చారు.